ఒకే వాకిలి, ఏడు కుంపట్లు

గల్ఫ్ సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఒక పాత లారీ డ్రైవర్ జవాబులు

కిందటి నెల షార్జా గురించి నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే సందేహం: ఇవన్నీ ఒక దేశమా, వేరు వేరు దేశాలా అని. మా రాజోలు దీవిలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి లేదు. అయినా ఈ సందేహం పోలేదంటే ఆశ్చర్యం లేదు. అక్కడ లారీ తోలుతున్న నాకే మూడో ఏడు దాకా పోలేదు.

*మా అబ్బాయికి దుబాయ్ వీసా అని ఏజెంటు చెప్పాడు. తీరా కాగితం వస్తే షార్జా అని ఉంది. మోసపోయామా? దుబాయ్, షార్జా వేరే దేశాలా?*
– ఒక తల్లి, మలికిపురం

అమ్మా, ముందు టెన్షన్ పడకండి. దుబాయ్ అనే దేశం లేదు. దేశం పేరు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, అందరూ యూఏఈ అంటారు. అందులో ఏడు రాజ్యాలు: అబుదాబి, దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ ఖ్వైన్, రాస్ అల్ ఖైమా, ఫుజైరా. షార్జా, దుబాయ్ పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. ఎక్కడ ఒకటి అయిపోయి రెండోది మొదలైందో బోర్డు చూస్తే తప్ప తెలీదు. అద్దె తక్కువని షార్జాలో కాపురం ఉండి రోజూ దుబాయ్‌కి పనికి వెళ్లేవాళ్లు లక్షల్లో ఉన్నారు.

నా సంగతి చెబుతాను. 1994లో నాకూ ఏజెంటు దుబాయ్ అనే చెప్పాడు. విమానం షార్జాలో దిగింది. వ్యాన్ ఎక్కించి గంటన్నర తీసుకెళ్లి రాస్ అల్ ఖైమా కొండల కింద ఒక క్యాంపులో దింపారు. తర్వాత పంతొమ్మిదేళ్లు ఆ కొండల రాళ్లు లారీలో వేసుకుని దుబాయ్‌కి మోశాను గానీ దుబాయ్‌లో ఒక్క రాత్రి నిద్రపోలేదు. ఊళ్లో నన్ను ఇప్పటికీ దుబాయ్ ఆయన అనే అంటారు. మన వైపు దుబాయ్ అంటే పడమటి సముద్రం అవతల ఉన్నదంతానూ.

కాబట్టి షార్జా అని ఉంటే మోసం అనుకోవక్కర్లేదు. మీరు చూడాల్సింది వేరే. వీసా ఎవరి పేరు మీద ఇచ్చారు, అందులో ఏ పని రాశారు, జీతం కాగితం మీద ఉందా, ఏజెంటుకి మన ప్రభుత్వ లైసెన్సు ఉందా, ఈ-మైగ్రేట్ అనే మన ప్రభుత్వ వెబ్‌సైటులో పేరు కనిపిస్తోందా. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తాం అంటే మాత్రం ఆగండి.

ఇంకో మాట, అబ్బాయికి చెప్పండి. వాకిలి ఒకటే గానీ కుంపట్లు వేరు. ఏడు రాజ్యాల్లో ఎక్కడికైనా ఎవరినీ అడక్కుండా వెళ్లొచ్చు. డబ్బు ఒకటే, జెండా ఒకటే. కానీ పోలీసులు ఎవరి వాళ్లు. బండి నంబరు ప్లేటు ఎవరిది వాళ్లది. కరెంటు, నీళ్ల బిల్లు దుబాయ్‌లో ఒక ఆఫీసుకి కడితే షార్జాలో ఇంకో ఆఫీసుకి కట్టాలి. 2022 నుంచి దేశమంతా శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం ఒంటిపూట. షార్జా ఒక్కటీ శుక్ర, శని, ఆది మూడు రోజులూ సెలవు పెట్టుకుంది. షార్జాలో మందు నిషేధం. దుబాయ్‌లో దొరికే సీసా షార్జాలో కేసు అవుతుంది. మా క్యాంపు కుర్రాడు ఒకడు ఈ తేడా తెలీక రెండు నెలలు జైల్లో ఉన్నాడు.

*గ్రూప్స్‌కి చదువుతున్నాను. ఏడు చిన్న రాజ్యాలు ఒక దేశంగా ఎందుకు కలిశాయి? బహ్రెయిన్, ఖతార్ ఎందుకు కలవలేదు?*
– డిగ్రీ విద్యార్థి, అమలాపురం

బాబూ, తేదీలు నీ పుస్తకంలో ఉంటాయి. వాటి వెనక సంగతి నేను మా కఫీల్, అంటే నన్ను వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, వాళ్ల నాన్న దగ్గర విన్నాను. ముసలాయనకి ఎనభై దాటాయి, చెవులు రెండూ వినపడవు. పదేళ్ల వయసు నుంచి ముత్యాల కోసం సముద్రంలో మునిగి మునిగి కర్ణభేరులు పోయాయి. మాట మాత్రం గట్టిగా ఉండేది. బొంబాయి తిరిగొచ్చిన వాడు కాబట్టి హిందీ వచ్చు.

ఆ తీరంలో సేద్యం తక్కువ, ఎండాకాలం నాలుగు నెలలు ముత్యాల వేటే బతుకు. ఏ షేకు ఊరి పడవైనా ఏ గుల్లల మేటకైనా వెళ్లొచ్చు, సముద్రం అందరిదీ. కాలికి రాయి కట్టుకుని, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని దిగేవాడు ఒకడు, పైన తాడు పట్టుకుని లాగేవాడు ఇంకొకడు. జీతం అంటూ లేదు. బయల్దేరే ముందు పడవ యజమాని కొంత అడ్వాన్సు ఇస్తాడు, తిరిగొచ్చాక ముత్యాలు అమ్మి లెక్క కడతాడు, లెక్కలో ఎప్పుడూ బాకీయే మిగులుతుంది. యజమానికి మళ్లీ షావుకారు దగ్గర బాకీ. మన ఏజెంటు అప్పులు గుర్తొస్తున్నాయా? నాకూ అదే గుర్తొచ్చింది. ఆ ముత్యాలు బొంబాయి చేరేవి. మన వైపు ఆడవాళ్లు బస్రా ముత్యాలని ముచ్చటపడేవి ఈ సముద్రంలోవే.

ఆ దారినే ఇంగ్లీషువాళ్ల ఓడలు బొంబాయికి తిరిగేవి. తగాదాలు వచ్చాయి. ఇంగ్లీషువాళ్లు దాన్ని దొంగల తీరం అన్నారు. 1819లో బొంబాయి నుంచి నౌకాదళం వెళ్లి రాస్ అల్ ఖైమాని తగలబెట్టింది. ఆ దొంగ ముద్ర అబద్ధమని ఇప్పటి షార్జా పాలకుడు వాదించాడు. ఆయన చరిత్ర చదువుకున్న మనిషి. ముసలాయన మాత్రం నవ్వి, మా పడవలు వాళ్లకి అడ్డం, వాళ్ల ఓడలు మాకు అడ్డం, ఇందులో దొంగెవరు అనేవాడు.

1820లో షేకులందరితో ఒక ఒప్పందం జరిగింది. 1835లో ముత్యాల రోజులు అయ్యేదాకా సముద్రం మీద కొట్టుకోకూడదని ఇంకోటి. అది ఏటేటా పొడిగిస్తూ వచ్చి 1853లో శాశ్వత సంధి చేశారు. మనకి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడే అది. ఇంగ్లీషులో సంధిని ట్రూస్ అంటారు కాబట్టి ఆ తీరానికి ట్రూషియల్ కోస్ట్ అని పేరొచ్చింది. ఒక రాజు, ఒక మతగురువు, ఒక యుద్ధం వల్ల వచ్చిన పేరు కాదది, ముత్యపు గుల్లలు పట్టుకునే సీజన్ కోసం చేసుకున్న రాజీ వల్ల వచ్చింది. 1892లో ఇంగ్లీషువాళ్లతో తప్ప ఇంకే దేశంతోనూ లావాదేవీ పెట్టుకోం అని షేకులు సంతకాలు చేశారు.

సంధి నీళ్ల మీదే గానీ నేల మీద కాదు, ఇది గుర్తు పెట్టుకో. నేల మీద ఎవరు కొట్టుకున్నా ఇంగ్లీషువాళ్లకి పట్టలేదు. 1945 నుంచి 1948 దాకా అబుదాబి, దుబాయ్ సరిహద్దు కోసం యుద్ధమే చేసుకున్నాయి. అంతకు ముందే జపాన్‌వాళ్లు పెంపుడు ముత్యాలు తీశారు, 1929 మాంద్యం వచ్చింది, ముత్యాల వ్యాపారం కూలిపోయింది. ముసలాయన చెప్పిన ఆకలి ఇక్కడ రాయను.

తర్వాత చమురు. అబుదాబిలో 1958లో, దుబాయ్‌లో 1966లో పడింది. మిగతావాళ్లకి పెద్దగా లేదు. సరిగ్గా అప్పుడు, 1968 జనవరిలో, 1971 ఆఖరుకల్లా గల్ఫ్ నుంచి వెళ్లిపోతామని లండన్ ప్రకటించింది, డబ్బు చాలక. మీ సైన్యం ఖర్చు మేమే పెట్టుకుంటాం, ఉండండి అని షేకులే అడిగారు. వాళ్లు వినలేదు. స్వతంత్రం ఇవ్వమని పోరాడినవాళ్లని చూశాం, వెళ్లొద్దని బతిమాలినవాళ్లని నేనిక్కడే విన్నాను. పిచ్చి కాదది. ఉత్తరాన ఇరాన్, పడమట సౌదీ, రెండూ పెద్దవి, రెండింటితోనూ సరిహద్దు పేచీలు ఉన్నాయి.

నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 18న, అబుదాబి షేక్ జాయెద్, దుబాయ్ షేక్ రషీద్ రెండు రాజ్యాల మధ్య ఎడారిలో గుడారం వేసుకుని కూర్చున్నారు. ఇరవయ్యేళ్ల కిందట యుద్ధం చేసుకున్న ఇళ్లు ఇవే. సరిహద్దు సర్దుకున్నారు, కలుద్దాం అనుకున్నారు, మిగతావాళ్లని పిలిచారు. ఆ నెలాఖరులో దుబాయ్‌లో తొమ్మిది మంది సంతకం పెట్టారు, బహ్రెయిన్, ఖతార్‌తో కలిపి.

తొమ్మిది ఎందుకు నిలవలేదంటే, బహ్రెయిన్‌లో జనం ఎక్కువ, చదువులు ముందే వచ్చాయి. జనాభాని బట్టి సీట్లు కావాలంది. మిగతావాళ్లు సమానంగా ఉండాలన్నారు. పైగా బహ్రెయిన్ మాదే అని ఇరాన్ అనేది. 1970లో ఐక్యరాజ్యసమితి మనిషి వెళ్లి జనాన్ని అడిగొచ్చాక ఆ పేచీ తెగింది. భయం పోయాక బహ్రెయిన్‌కి పొత్తు అవసరం తగ్గింది. 1971 ఆగస్టులో బహ్రెయిన్, సెప్టెంబరులో ఖతార్ ఎవరి దారిన వాళ్లు స్వతంత్రం ప్రకటించుకున్నారు.

మిగిలినవాళ్లు చేసుకున్న ఏర్పాటు చూస్తే మన ఉమ్మడి కుటుంబాల పంపకం కాగితంలా ఉంటుంది. చమురు, గనులు ఎవరి నేలలో ఉంటే వాళ్లవే అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఏడుగురు పాలకులూ కూర్చునే సుప్రీం కౌన్సిల్‌లో ముఖ్యమైన విషయానికి ఐదు ఓట్లు కావాలి, ఆ ఐదులో అబుదాబి, దుబాయ్ తప్పకుండా ఉండాలి. అంటే ఇద్దరు పెద్దల్లో ఎవరు కాదన్నా పని ఆగిపోతుంది. సలహా సభలో నలభై మంది: ఆ ఇద్దరికీ ఎనిమిదేసి, షార్జాకి, రాస్ అల్ ఖైమాకి ఆరేసి, మిగతా ముగ్గురికి నాలుగేసి. అధ్యక్షుడు అబుదాబి నుంచి, ప్రధాని దుబాయ్ నుంచి, అది ఆనవాయితీ. ఖర్చులో ఎక్కువ భాగం అబుదాబి మోస్తుంది. దేశం విస్తీర్ణం 83,600 చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్‌లో సగం. అందులో ఎనభై శాతం పైనే అబుదాబిదే. అజ్మాన్ అయితే 260 చదరపు కిలోమీటర్లు. మన కోనసీమ జిల్లాలో అలాంటివి ఎనిమిది పడతాయి. అయినా కౌన్సిల్‌లో కుర్చీ కుర్చీయే.

*1971 డిసెంబరు 2న ఏడు రాజ్యాలూ కలిశాయని కిందటి నెల రాశారు. తప్పు కదా?*
– విశ్రాంత ఉపాధ్యాయుడు, భీమవరం

తప్పే మాస్టారూ. ఆ రోజు కలిసింది ఆరే. నేను పంతొమ్మిదేళ్లు అన్నం తిన్న రాస్ అల్ ఖైమాయే ఆగిపోయింది, దాన్నే మర్చిపోయాను. మా కఫీల్‌కి తెలిస్తే నవ్వుతాడు. తమకీ చమురు పడుతుందన్న ఆశ, అబుదాబి, దుబాయ్‌లతో సమానంగా ఓటు ఇవ్వలేదన్న పట్టుదల. ఈలోగా నవంబరు 30న, ఇంగ్లీషువాళ్లు వెళ్లే ముందు రోజు, రాస్ అల్ ఖైమావైన తున్బ్ దీవులు రెండింటినీ ఇరాన్ సైన్యం పట్టుకుంది. చమురూ పడలేదు, దీవులూ పోయాయి. 1972 ఫిబ్రవరిలో వచ్చి కలిశారు. ఆ దీవుల తగాదా ఇంకా తేలలేదు.

*మా యానాం చుట్టూ ఆంధ్రా, పాలన మాత్రం పుదుచ్చేరిది. ఇలాంటి వింత అక్కడ ఉందా?*
– యానాం పాఠకుడు

ఉందా అని నెమ్మదిగా అడుగుతారేంటండీ, అక్కడ ఉన్నదంతా అదే. మీ యానాం వాళ్లు ఆ మ్యాపు చూస్తే సొంత ఊరికి వచ్చినట్టు ఉంటుంది.

తూర్పు తీరాన ఫుజైరా నుంచి ఖోర్ ఫక్కాన్ వెళ్లే దారి పక్కన మధా అని ఒక చోటు ఉంది, ఓ డెబ్బై అయిదు చదరపు కిలోమీటర్లు. అది ఒమన్ దేశానిది. చుట్టూ యూఏఈ. సరే అనుకుని ఇంకా లోపలికి వెళితే కొండల మధ్య నహ్వా అని చిన్న పల్లె, అది మళ్లీ యూఏఈది, షార్జా కింద. యానాం మధ్యలో నాలుగు వీధులు మళ్లీ ఆంధ్రావి అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గేటు లేదు, పోలీసు లేడు. నేను ఒకసారి దారి తప్పి లారీతో మధాలోకి వెళ్లాను. ఫోన్‌కి ఒమన్‌కి స్వాగతం అని మెసేజ్ వచ్చాక తెలిసింది, దేశం దాటానని. కాగితాలు లేకుండా ఇంకో దేశంలో ఉన్నానని వణికిపోయాను. బడ్డీకొట్టు వాడు మలయాళీ, కల్లివల్లి (పోనీలే అని అక్కడి మాట), టీ తాగి వెళ్లు అన్నాడు.

ఇంకా పైకి వెళితే దిబ్బా. ఒకే సముద్రపు వంపు, ఒకే ఊరు, ముగ్గురు యజమానులు: ఒక ముక్క షార్జాది, ఒకటి ఫుజైరాది, మూడోది ఒమన్‌ది. ఆ పైన హోర్ముజ్ జలసంధి మీదికి పొడుచుకొచ్చిన ముసందం కొండలన్నీ ఒమన్‌వే. మిగతా ఒమన్‌కీ వాటికీ మధ్య యూఏఈ అడ్డం. హత్తా అనే కొండ ఊరు దుబాయ్‌ది, మస్ఫూత్, మనామా అనేవి అజ్మాన్‌వి, ఏదీ సొంత రాజ్యాన్ని అంటుకుని ఉండదు.

ఎందుకిలా అంటే, పైన చెప్పిన కథే. నేలకి గీతలు ఎవరికీ అక్కర్లేదు అంతకు ముందు. బావి ఎవరిది, ఈత తోట ఎవరిది, ఏ తెగ ఏ షేకుని పెద్దగా ఒప్పుకుంది, అంతవరకే. చమురు కంపెనీలు వచ్చి మీ హద్దు ఎక్కడో చూపించండి, అక్కడిదాకా లైసెన్సు రాసుకుంటాం అన్నాక గీతలు కావలసి వచ్చాయి. 1950ల్లో జూలియన్ వాకర్ అనే కుర్ర ఇంగ్లీషు అధికారి కొండలూ వాగులూ తిరిగి, మీరు జకాత్ (మతం ప్రకారం కట్టే పన్ను) ఎవరికి కడతారు, ఎవరి మాట వింటారు అని పల్లె పల్లెనీ అడిగి రాసుకున్నాడు. పల్లె ఏ పేరు చెబితే మ్యాపులో ఆ రంగు. అందుకే అది చిరిగిన గళ్ల లుంగీకి మాసికలు వేసినట్టు ఉంటుంది. ఫుజైరాని వేరే రాజ్యమని ఇంగ్లీషువాళ్లు ఒప్పుకున్నదే 1952లో. మొత్తం ఏడింటిలో గల్ఫ్ సముద్రం తగలనిది అదొక్కటే, దాని తీరమంతా ఒమన్ సముద్రం వైపు.

మీకు యానాంలో పెట్రోలు చౌక. మధాలో అలాంటి లాభమేదీ నాకు కనిపించలేదు, టీ తప్ప.

*దుబాయ్ అంత గొప్పది కదా, రాజధాని అబుదాబి ఎందుకయింది?*
– నరసాపురం

1971 రాజ్యాంగంలో రాసింది అబుదాబి కూడా కాదు. అబుదాబికీ దుబాయ్‌కీ మధ్య హద్దు మీద, ఎవరికీ పక్షపాతం లేకుండా, అల్ కరామా అనే కొత్త రాజధాని కట్టాలని రాసుకున్నారు. అప్పటిదాకా తాత్కాలికంగా అబుదాబి. పాతికేళ్లు గడిచినా కరామా లేవలేదు. 1996లో ఆ తాత్కాలిక రాజ్యాంగాన్ని శాశ్వతం చేస్తూ, రాజధాని అబుదాబే అని తేల్చారు. ఇది చదివి మన రాష్ట్రంలో ఎవరైనా నవ్వుకుంటే నా పూచీ లేదు.

*అక్కడ నది లేదంటారు. మరి చమురు రాక ముందు ఏం తాగారు, ఏం పండించారు?*
– కొబ్బరి రైతు, అంబాజీపేట

ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు అన్నయ్యగారూ. ఏడాది వాన అంతా కలిపినా 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, మనకి ఒక్క తుపాను రాత్రి పడేంత. కానీ తూర్పున హజర్ కొండలు ఉన్నాయి. ఆ కొండల కింది ఊటనీళ్లని భూమిలో సొరంగం తవ్వి, చాలా కొద్ది వాలుతో మైళ్ల దూరం నడిపించి తోటలకి తెచ్చేవారు. దాన్ని ఫలజ్ అంటారు. అబుదాబి రాజ్యంలోని అల్ ఐన్ ఊళ్లో ఇప్పటికీ పారుతోంది, నేను చెయ్యి పెట్టి చూశాను. నీళ్లు కొలిచేది కాలంతో: ఫలానా తోటకి ఇంతసేపు, తర్వాత పక్క తోటకి. శివారు రైతు గొడవలు అక్కడా ఉన్నాయి, మన పంట కాలవల మీద ఎలాగో అలాగే. పండేది ఈత రకం చెట్టే, ఖర్జూరం. తినడానికి కాయ, కప్పుకి మట్ట, కట్టెకి మాను. కొబ్బరి గురించి మీరు చెప్పేవన్నీ వాళ్లు ఖర్జూరం గురించి చెబుతారు. తీరం వెంట మన కోరంగిలోలాగా మడ అడవులు కూడా ఉన్నాయి, అబుదాబి దగ్గర మరీనూ. అవి చూసినప్పుడే నాకు ఇల్లు గుర్తొచ్చేది. ఇప్పుడు తాగేది చాలావరకు ఉప్పు తీసిన సముద్రం నీళ్లే.

*మా తాతగారు ఓడ మీద కలాసీగా పనిచేసేవారు. ఆయన ట్రంకుపెట్టెలో ఎర్ర రంగు పది రూపాయల నోటు దొరికింది. రిజర్వ్ బ్యాంకు అనే ఉంది. దొంగనోటా?*
– తాళ్ళరేవు

దొంగనోటు అయ్యుండదండీ. పైన చెప్పిన ముత్యాల ముసలాయన చేతిలో ఇలాంటి నోటే నేను చూశాను.

ఆ తీరమంతా ఒకప్పుడు మన రూపాయే నడిచేది. 1947 దాకా అక్కడి వ్యవహారాలు ఇంగ్లీషువాళ్లు చూసింది మన ఇండియా ప్రభుత్వం ద్వారానే. దుబాయ్‌లో మొదటి పోస్టాఫీసు 1909లో తెరిచింది మన తపాలా శాఖే. మనకి స్వతంత్రం వచ్చాక కూడా రూపాయి అక్కడ ఆగలేదు. కానీ అక్కడ రూపాయలిచ్చి బంగారం కొని, దొంగచాటుగా ఇక్కడికి తెచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ రూపాయలు తిరిగొస్తే బదులుగా మనం విదేశీ డబ్బు ఇవ్వాలి. అందుకని 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగుల్లో నోట్లు వేసింది, అవి ఇక్కడ చెల్లవు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించగానే అక్కడివాళ్లు చేతులెత్తేశారు. దుబాయ్ ఖతార్‌తో కలిసి రియాల్ పెట్టుకుంది, అబుదాబి బహ్రెయిన్ దినార్ వాడింది. ఏడింటికీ కలిపి దిర్హం వచ్చింది 1973లో. దేశం పుట్టిన ఏడాదిన్నరకి గానీ జేబులో ఒకే డబ్బు లేదన్నమాట.

నోటు మీద నంబరు ముందు ఇంగ్లీషు అక్షరం చూడండి. జెడ్ ఉంటే గల్ఫ్ నోటు. హెచ్, ఏ అని రెండు అక్షరాలు ఉంటే అది హజ్ యాత్రికులకి ఇచ్చిన నోటు, దాని కథ వేరే. రెండింటికీ కొనేవాళ్లు ఉన్నారు, కాకినాడలో ఎవరో రెండు వేలిస్తానంటే ఇచ్చేయకండి. లామినేషన్ అసలు చేయించొద్దు. ఏ అక్షరం ఉందో వచ్చే నెలలోగా రాయండి.